చెప్పులు కుట్టిన చేతులు

వాక్యభాగములు: యిర్మీయా 36వ అధ్యాయము; అపొస్తలుల కార్యములు 18:1-4



పరీక్షల ఫలితములు వెలువడు దినములలో మా ఇంటి అరుగు ఖాళీగా నుండదు. తప్పినవారు దుఃఖముతో వత్తురు. గెలిచినవారు సందేహముతో వత్తురు. ఏ చదువు చదివిన ఉద్యోగము దొరకును, ఏ ఉద్యోగమునకు జీతమెక్కువ, ఏ పనికి నలుగురిలో గౌరవము కలదు అని అడుగుదురు. అడుగుట తప్పు కాదు. కడుపు నిండవలెను, ఇంటి అప్పు తీరవలెను. అయితే ఒక దినమున మన సంఘపు చిన్నవాడొకడు దరఖాస్తు నింపుచు, తండ్రి వృత్తి అను చోట కలము నిలిపి, అక్కడ ఏమి వ్రాయవలెనని నన్నడిగెను. వాని తండ్రి తోలుపని చేసి వానిని చదివించినవాడు. ఆ మాట వ్రాయుటకు చిన్నవానికి సిగ్గు కలిగెను. తండ్రి ప్రక్కనే నిలిచియుండెను.

ఆ దినమున నేను వానికి సరియైన జవాబు చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి ఆలోచింపగా విలియం కేరీ దొరగారి జీవితము జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన పేరు మన సంఘములలో విననివారు అరుదు. అయినను ఆయన ఏ పని చేసి బ్రదికెనో, ఆ పనివలన ఏమి నేర్చుకొనెనో ఎరిగినవారు కొద్దిమందియే. కావున ఈ నెల దానిని మీకు చెప్పదలచితిని.

కేరీ దొరగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండు దేశమున నార్తాంప్టను జిల్లాలోని పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి మగ్గము నేసి బ్రదికిన నేతగాడు. విలియం ఆరేండ్లవాడై యుండగా ఆ తండ్రికి పల్లె బడిలో పంతులుపని దొరికెను. చిన్నవానికి చెట్లన్నను పురుగులన్నను పక్షులన్నను మిక్కిలి ప్రీతి. అతని గదినిండ అవే యుండెడివట. తోటపనియే చేయవలెనని అతని కోరిక. కాని ఎండలో నిలిచినయెడల అతని చర్మము మంటలెత్తెడిది. పొలమునకు పనికిరాని కుర్రవానిని ఏమి చేయుదుమని తలిదండ్రులు చింతించి, సుమారు 14 ఏండ్ల ప్రాయమున ప్రక్క ఊరిలో చెప్పులు కుట్టువానియొద్ద పని నేర్చుకొనుటకు పెట్టిరి. కోరుకొన్న పని దొరకలేదు. దొరికిన పని నీడపట్టున కూర్చుండి తోలు కుట్టుట.

అక్కడ జరిగిన ఒక సంగతిని ఆయన పెద్దవాడైన తరువాత తానే బయలుపరచెను. క్రిస్మసు దినములలో దుకాణదారులు పనిపిల్లలకు చిల్లర బహుమానమిచ్చుట ఆ దేశపు వాడుక. ఒక ఇనుపసామానుల వర్తకుడు ఇతనికి షిల్లింగు నాణెమొకటి ఇచ్చెను. తీరా చూడగా అది చెల్లని నాణెము. అప్పటికే అతడు తనకొరకు కొన్ని వస్తువులు కొనియుండుటచేత యజమానుని సొమ్ములో ఒక షిల్లింగు తక్కువైనది. అతడు తన చెల్లని నాణెమును యజమానుని లెక్కలో పెట్టి, అది యజమానుని సొమ్మేనని బొంకుటకు నిశ్చయించుకొనెను. ఈ ఒక్క అబద్ధము గట్టెక్కించుమని దేవుని ప్రార్థించెనుకూడ! దేవుడు గట్టెక్కింపలేదు. యజమానుడు విచారింపగా నిజము బయటపడెను. సిగ్గుచేత అతడు కొన్ని దినములు ఆరాధనకైనను వెళ్లలేకపోయెను. తన నీతి ఎంతమాత్రమో ఆ ఒక్క నాణెము అతనికి చూపెను. తోడి పనివాడైన యౌవనుడొకడు అతనికి సువార్త బోధించుచుండెను. ఆ బోధకు అతని హృదయము అప్పటినుండి మెత్తబడెను. తరువాతి కాలమున వేల రూపాయలు అతని చేతులమీదుగా నడచెను. ఆ చేతులు లెక్క నేర్చుకొన్నది ఒక చెల్లని షిల్లింగునొద్దనే. మిక్కిలి కొంచెములో నమ్మకముగా నుండుటనుగూర్చి ప్రభువు బోధించినది ఇదియే గదా.

ఇక అతని చదువు సంగతి వినుడి. యజమానుని దుకాణములో బైబిలు వ్యాఖ్యానమొకటి యుండెను. అందు మధ్య మధ్య గ్రీకు అక్షరములు కనబడెను. అవి అతనికి తెలియవు. చెప్పువారును అక్కడ లేరు. అతడు ఆ అక్షరముల ఆకారములను చూచినట్టే కాగితముమీద దించుకొని, స్వగ్రామమునకు వెళ్లినప్పుడు అక్కడి నేతగాడొకని కడకు తీసికొనిపోయెను. ఆ నేతగాడు ఒకప్పుడు పెద్ద చదువు చదివి చెడిపోయినవాడు. చెడిపోయినవాడైనను అతని చదువు చెడలేదు. అతనియొద్ద కేరీ గ్రీకు మొదలుపెట్టెను. ఈ ప్రకారము తోలుకత్తి ప్రక్కను పుస్తకము పెట్టుకొని లాటిను, గ్రీకు, హెబ్రీ, డచ్చి, ఫ్రెంచి భాషలు క్రమక్రమముగా నేర్చెను. కాలేజీ మెట్టు ఎక్కలేదు. కాలము లేదని సణుగలేదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో డేరాలు కుట్టుచు విశ్రాంతిదినమున సమాజమందిరములో బోధించెను. వారమంతయు కుట్టిన చేతులతోనే ఆయన వాక్యమును విప్పెను. కేరీయు అట్టివాడే.

1781లో అతడు డోరతీ అను యువతిని వివాహమాడెను. ఆమెకు అక్షరములు రావు. పెండ్లి పుస్తకములో గుర్తు మాత్రమే వేసెను. కొద్దికాలమునకు వారి మొదటి బిడ్డ జ్వరముచేత చనిపోయెను. 1783లో బాప్తిస్మము పొంది, 1785లో మౌల్టను అను ఊరికి వెళ్లి, అక్కడ సంఘమునకు బోధకుడాయెను. సంఘమిచ్చినది కుటుంబమునకు చాలదు. అందుచేత పగలు పిల్లలకు బడి చెప్పి, మిగిలిన వేళ చెప్పులు కుట్టి, ఆదివారమున ప్రసంగించెను. కాగితములు అతికించి పెద్ద లోకపటమును తయారుచేసి, పనిచేయు చోట గోడకు తగిలించెను. ఏ దేశమున ఎందరు జనులు, వారి మతమేమి, వారికి వాక్యము అందెనా అని తెలిసినంతవరకు దానిమీద వ్రాసికొనెడివాడు. చేతులు తోలుమీద, కన్నులు లోకముమీద. ఆ గోడయొద్దనే ఆయన జీవితకార్యము పుట్టెను.

1792 అక్టోబరు 2న కెట్టరింగు అను ఊరిలో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది బోధకులు కూడి, దూరదేశములకు సువార్త పంపుటకై బాప్టిస్టు మిషనరీ సంఘమును ఏర్పరచిరి. ఆ దినమున వారు ఇచ్చెదమన్న మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏట కేరీ దొరగారు భార్యాబిడ్డలతో ఓడ ఎక్కి, 1793 నవంబరులో కలకత్తా చేరెను. మరల స్వదేశమును చూడలేదు. 41 సంవత్సరములు ఈ దేశముననే గడపెను.

యౌవనస్థులారా, ఇంతటితో కథ సుఖాంతమని తలంపకుడి. మొదటి ఏండ్లు మిక్కిలి చేదైనవి. తెచ్చిన డబ్బు వెంటనే అయిపోయెను. తలదాచుకొను చోటులేక అడవిప్రాంతమునకుకూడ వెళ్లవలసివచ్చెను. 1794లో ముద్నాబాటి అను చోట నీలిమందు కార్ఖానాలో పెత్తనము దొరికెను. ఆ జీతముతో ఇల్లు గడపుచు బెంగాలీ నేర్చి, క్రొత్త నిబంధనను తర్జుమా చేయసాగెను. అక్కడనే అయిదేండ్ల కుమారుడు పీటరు విరేచనముల వ్యాధితో చనిపోయెను. ఆ బిడ్డను పాతిపెట్టుటకు సాయము దొరకుటయే కష్టమాయెను. ఆ దుఃఖమునుండి డోరతమ్మగారి మనస్సు తేరుకొనలేదు. ఆమెకు మతి చలించి, 1807లో మరణించువరకు ఆ స్థితిలోనే యుండెను. ఏడేండ్లు బోధించినను ఈ దేశస్థుడొక్కడును ఆయనవలన బాప్తిస్మము పొందలేదు. 1800 డిసెంబరు 28న వడ్రంగియైన కృష్ణపాలు మొదటివాడై నీటిలోనికి దిగెను.

ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలెను. డోరతమ్మగారు మొదట ప్రయాణమునకు ఒప్పుకొనలేదు, బలవంతముమీద బయలుదేరెను. కేరీ దొరగారు పనిలో మునిగి కుమారులను అదుపులో పెట్టలేకపోగా, తోడి మిషనరీలు వారిని సరిచేయవలసివచ్చెను. గొప్ప పనికి ఇంటివారు చెల్లించిన వెల అది. పనియందు ఆయనను అనుసరింపుడి. ఈ విషయమున ఆయననుండి హెచ్చరిక పొందుడి. ఉద్యోగమునకై దూరదేశములకు పోవువారు, ఇంటనున్న తల్లిని, భార్యను, బిడ్డలను అడిగి, వారి మనస్సెరిగి బయలుదేరవలెను. దేవుని పనియని పేరు పెట్టినంతమాత్రమున ఇంటివారి కన్నీరు లెక్కలోనుండి కొట్టివేయబడదు.

1800 జనవరిలో ఆయన డేనులవారి పట్టణమైన సెరంపూరు చేరెను. అక్కడ మార్ష్‌మన్, వార్డు అను ఇద్దరు సహవాసులు కలిసిరి. మార్ష్‌మన్ బడిపంతులు; వార్డు అచ్చుపనివాడు; కేరీ చెప్పులు కుట్టినవాడు. వారికి అక్షరములను ఉక్కుమీద చెక్కి ఇచ్చిన పంచానన కర్మకారుడు లోహపుపని చేయు కులమువాడు. లోకము చిన్నచూపు చూచిన వృత్తులే అక్కడ కూడి, ఎన్నో భాషలకు అచ్చు కల్పించినవి. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన వెలువడెను.

ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్టు విలియం కాలేజీలో ఆయనకు బెంగాలీ బోధించు పని దొరికెను. నెలకు జీతము 500 రూపాయలు. 1807లో ఆచార్యుడు కాగా అది 1,000 రూపాయలాయెను. ఆ దినములలో అది చాల పెద్ద మొత్తము. ఆయన బంగళా కట్టెనా? లేదు. సెరంపూరువారందరు ఒక్క బల్లయొద్ద భుజించి, సంపాదించినది ఉమ్మడి నిధిలో వేసి, ఖర్చుకు కొంచెము మాత్రము తీసికొనెడివారు. ఎవడును సొంత వ్యాపారము చేయరాదని నియమము. జీతము పెరిగినకొలది అచ్చుకూటము పెరిగెను, బడులు పెరిగెను. ఆయన అంగీ మాత్రము మారలేదు. జీతమెంత అని అడుగువారు, ఆ జీతము ఏమి చేయుటకు అనియు అడుగవలెను.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. అది మన తెలుగు భాషకు సంబంధించినది. కేరీ దొరగారు మన ఆంధ్రదేశమున కాపురమున్నవాడు కాడు. అయినను బెంగాలులోనే యుండి, పండితుల సహాయమున తెలుగు నేర్చి, మన భాషకు వ్యాకరణము వ్రాయుచుండెను. విశాఖపట్టణమునందు లండను మిషను వారు ఆరంభించిన తెలుగు సువార్తలు సెరంపూరులోనే అచ్చు పడుచుండెను. అట్లుండగా 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము సెరంపూరు అచ్చుకూటములో అగ్ని పుట్టెను. కేరీ దొరగారు కాలేజీ పనిమీద కలకత్తాలో నుండెను. వార్డు దొరయు పనివారును తలుపులు కిటికీలు మూసి, పొగలోనే నిప్పును అణచుటకు ప్రయాసపడిరి. ఎవరో ఒక కిటికీ తెరవగా గాలి సోకి, కట్టడమంతయు మండెను. కాగితము, అనేక భాషల అచ్చక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయెను. నష్టము సుమారు 10 వేల పౌనులని లెక్కించిరి. అన్నిటికంటె ఘోరమైనది డబ్బుతో కొనరానిది. అనేక సంవత్సరములు కూడబెట్టిన సంస్కృత నిఘంటువు కాలిపోయెను. బైబిలు తర్జుమాల భాగములు కాలిపోయెను. తెలుగు వ్యాకరణము పూర్తిగా కాలిపోయెను.

మరునాడు మార్ష్‌మన్ దొర కలకత్తా వెళ్లి ఆ వార్త చెప్పెను. కేరీ దొరగారు వచ్చి బూడిదను చూచి కన్నీరు విడిచెను. అప్పుడాయనకు 50 ఏండ్లు. ఆ ప్రాయమున ఎవడైనను చాలించుకొనవచ్చును, నిందించువాడు ఉండడు. ఆయన చాలించుకొనలేదు. ఒకసారి నడచిన త్రోవను రెండవసారి నడచుట కొంత సుళువేయని తలంచి, మరల మొదటి పేజీ మొదలుపెట్టెను. అచ్చుయంత్రములు మిగిలెను. అక్షరములు పోతపోయు అచ్చులు బూడిదలో చెడక దొరికెను. కరగి ముద్దయైన సీసమును ఏరి, మరల అక్షరములుగా పోతపోసిరి. ఈ వార్త వినిన ఇంగ్లండు స్కాట్లండు విశ్వాసులు రెండు నెలలలోపే ఆ నష్టమును పూడ్చు ధనమును కూర్చిరి. 1814లో తెలుగు వ్యాకరణము సెరంపూరులో అచ్చుపడి వెలువడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చాయెను.

యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయమును ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుడి. ప్రవక్త నోట పలుకగా బారూకు సిరాతో వ్రాసెను. యెహోయాకీము రాజు చలికాలపు ఇంట కుంపటియొద్ద కూర్చుండి, మూడు నాలుగు పుటలు చదువగానే చాకుతో కోసి నిప్పులో వేసెను. గ్రంథమంతయు కాలిపోయెను. అప్పుడు దేవుడు బారూకును గొప్పవానిగా చేయలేదు, రాజును వెంటనే పడద్రోయలేదు. మరియొక చుట్ట తీసికొని మరల వ్రాయుమనెను. బారూకు మరల వ్రాసెను. రెండవ గ్రంథములో మొదటిదానిలోని మాటలన్నియు ఉండెను. అట్టి మాటలు ఇంకను అనేకము చేర్చబడెను. దేవుని పనిలో కాలిపోయినది పోయినది కాదు, మరల కూర్చుండువాడు ఉన్నయెడల.

పరీక్ష తప్పినవాడా, ఈ మాట నీకొరకే. పెట్టుబడి పెట్టి నష్టపోయినవాడా, పంట పోయినవాడా, నీకొరకును. నీ సంవత్సరము కాలిపోయెనని నేనెరుగుదును. అది చిన్న నష్టమని చెప్పను. కాని నీవు నేర్చుకొనినది బూడిదలో చెడని అచ్చువలె నీలో నిలిచియున్నది. మరియొక చుట్ట తీసికొనుము.

మరియొక సంగతి గమనింపుడి. కేరీ దొరగారి తెలుగు వ్యాకరణము చాలకాలము అగ్రస్థానమున నిలువలేదు. 1816లో క్యాంబెలు దొరయు 1840లో బ్రౌను దొరయు వ్రాసినవి దానిని మించినవి. ఆయన తర్జుమాలలో అనేకములను తరువాతివారు మరల చేయవలసివచ్చెను. సుమారు 40 భాషలలో వాక్యమును పూర్తిగానో భాగములుగానో అచ్చువేసిన ఆ సహవాసులు, వెనుక వచ్చువారు తమకంటె బాగుగా చేయుదురని ఎరిగియే చేసిరి. ఇప్పటి లోకము, అందరికంటె ముందు నిలుచుటయే జయమని చెప్పును. వెనుకవాడు నడచుటకు త్రోవ వేయుటయు జయమే. మన తండ్రులు కూలి చేసి మనలను బడికి పంపిరి. మనము వారిని మించితిమి. అది వారి ఓటమి కాదు, వారి పంట.

ఆయన మిగిలిన పనులను కొద్ది మాటలలో చెప్పుదును. 1818లో సహవాసులతో కలిసి సెరంపూరు కాలేజీ స్థాపించెను. నేటికిని మన దేశములో అనేకమంది బోధకులు సెరంపూరు పేరనే వేదాంత పట్టములు పొందుచున్నారు. ఎండలో నిలువలేని ఆ కుర్రవాడు ఈ దేశపు ఎండలో పెద్ద తోట వేసెను. 1820లో వ్యవసాయ తోటల సంఘమును స్థాపించెను. మన సామర్లకోటలో నుండి మొక్కలను పరిశోధించిన రాక్స్‌బర్గు దొర మరణింపగా, ఆయన విడిచిన వృక్షశాస్త్ర గ్రంథమును సరిచేసి అచ్చువేయించెను. 1823లో దామోదర నది పొంగి ఆ తోటను పాడుచేసెను; ఆయన మరల నాటెను. 1829 డిసెంబరులో భర్తతో భార్యను దహించు సతి ఆచారమును ప్రభుత్వము నిషేధించి, ఆ చట్టమును బెంగాలీలోనికి మార్చుమని ఆయనకు పంపెను. అది ఆదివారము చేరెను. ఆలస్యమైనయెడల ఎందరు విధవలు కాలిపోవుదురోయని, ప్రసంగమునకు మరియొకని పంపి, సాయంకాలమునకు ఆ పని ముగించెను. ప్రసంగపీఠమునకు ఎంత ప్రార్థనతో వెళ్లెనో ఆ దినమున బల్లయొద్దకును అంత ప్రార్థనతోనే వెళ్లియుండును.

ఒకప్పుడు గవర్నరు జనరలు గారి విందులో ఒక అధికారి, ఈ కేరీ చెప్పులు చేయువాడు కాడా అని ప్రక్కవానితో ఎగతాళిగా అనెను. అది ఆయన చెవిని పడెను. ఆయన కోపపడలేదు, మాట మార్చలేదు. తాను చెప్పులు చేసినవాడు సహా కాడనియు, పాతవి బాగుచేసినవాడు మాత్రమేయనియు నెమ్మదిగా సరిదిద్దెను. వృద్ధాప్యమున, తన జీవితము వ్రాయువారు తనకు వేరే ప్రతిభను అంటగట్టవద్దనియు, పట్టిన పనిని విడువక మెల్లగా సాగిపోవుట ఒక్కటే తనకు తెలిసిన విద్యయనియు బంధువునకు తెలియజేసెను. 1834 జూన్ 9న ఆయన సెరంపూరులో నిద్రించెను.

ఆనాడు దరఖాస్తు పట్టుకొని నన్నడిగిన చిన్నవానికి ఇప్పుడు జవాబు చెప్పుచున్నాను. నాయనా, తండ్రి వృత్తి అను చోట తోలుపని అని స్పష్టముగా వ్రాయుము. నీ వృత్తి నీ ఇష్టము. తండ్రి పనినే నీవు చేయవలెనని లోకము నిన్ను కట్టివేయనక్కరలేదు, నీవును ఆ కట్టుకు లోబడనక్కరలేదు. కేరీ దొరగారును ఆ పీటమీదనే ఉండిపోలేదు. కాని పీట విడిచినను, దానినిగూర్చి సిగ్గుపడలేదు. నీవు ఏ పని ఎంచుకొన్నను మూడు సంగతులు అడుగుము. ఇది నేను నమ్మకముగా చేయగల పనియా? ఇది ఎవరికి మేలు చేయును? ఇది కాలిపోయినయెడల మరల మొదలుపెట్టునంత ప్రీతి నాకు దీనియందు కలదా? ఈ మూడింటికి జవాబు దొరికినయెడల జీతము ఎక్కువైనను తక్కువైనను నీ బ్రదుకు వ్యర్థము కాదు.

తలిదండ్రులారా, పొరుగువాని కుమారుని చూపి మీ బిడ్డను క్రుంగదీయకుడి. పాలర్స్‌పరీలో పొలమునకు పనికిరాడని తలంచిన పిల్లవాని చేత దేవుడు ఏమి చేయించెనో చూచితిరి గదా.

ప్రార్థన: నజరేతులో వడ్రంగి పని చేసిన మా ప్రభువా, మా చేతుల పనిని సిగ్గుపడకుండ నీయెదుట ఉంచుచున్నాము. మా బిడ్డలకు త్రోవ చూపుము. కాలిపోయిన చోట మరల కూర్చుండు ఓర్పు వారికి దయచేయుము. ఆమేన్.